కెమెరా కంటే ముందు ఒక చెరువు

ప్రశ్న: మాది తిరుపతి. మా అమ్మాయికి పదిహేనేళ్లు, పదో తరగతి. ఏడాదిగా వాళ్ల నాన్న ఫోను పట్టుకుని మేడ ఎక్కి పిట్టల ఫోటోలు తీస్తోంది. ఇప్పుడు 600 ఎంఎం లెన్సుతో కెమెరా కావాలంటోంది. లక్షన్నర పైమాటే. శేషాచలం అడవికి వెళ్లి చిరుతను తీయాలని కోరిక. వాట్సాప్ గ్రూపులో ఎవరో తెల్లవారుజామున తీసుకెళ్తామన్నారట. మావారు పరీక్షలయ్యాక చూద్దామంటారు. మా అత్తగారు ఆడపిల్లకు అడవులెందుకంటారు. పిల్ల ఆసక్తిని చంపాలని నాకు లేదు. ఏం కొనాలి, ఎక్కడికి పంపాలి, చదువు సంగతేమిటి?

సమాధానం: అమ్మా, చంపాలని లేదన్నారు చూడండి, ఆ మాటకే సగం పని అయిపోయింది. మిగతా సగం లక్షన్నరతో జరిగేది కాదు. మీ అమ్మాయికి ఇప్పుడు కావలసింది ఇంటికి అరగంట దూరంలో ఒక చెరువు, వారానికి ఒక పొద్దు, పక్కన కూర్చోవడానికి అమ్మో నాన్నో. ఒకే చెరువుకు పది వారాలు వెళ్లిన పిల్ల ఏ పిట్ట ఏ కొమ్మ మీదికి తిరిగి వస్తుందో కనిపెట్టేస్తుంది. అది తెలిశాక మామూలు లెన్సుతోనే మంచి ఫోటో వస్తుంది. అది తెలియకపోతే ఎంత పెద్ద లెన్సు కొన్నా ఎగిరిపోతున్న పిట్టల వీపులే మిగులుతాయి.

అయినా ఫోను చాలదన్న మాట నిజమే. దాన్ని మొండితనం అనుకోకండి. పది మీటర్ల దూరంలో ఒక లకుముకి పిట్ట కూర్చుందనుకోండి. దాని పొడవు సుమారు 28 సెంటీమీటర్లు. ఆ దూరంలో మామూలు ఫోను కెమెరాలో పట్టే వెడల్పు దాదాపు 14 మీటర్లు. అంటే ఫోటో వెడల్పులో పిట్ట వాటా నూటికి రెండు వంతులు. పెద్దది చేసి చూస్తే రంగుల మచ్చలే కనిపిస్తాయి. లెన్సు మీది ఎంఎం అంకె పెరిగేకొద్దీ దూరపు పిట్ట దగ్గరగా కనిపిస్తుంది. అదే డీఎస్‌ఎల్‌ఆర్‌కు, అంటే లెన్సులు మార్చుకునే కెనాన్ మామూలు కెమెరాకు, 250 ఎంఎం లెన్సు పెడితే అక్కడే పట్టే వెడల్పు 90 సెంటీమీటర్లు. పిట్ట ఆ వెడల్పులో దాదాపు మూడో వంతు ఆక్రమిస్తుంది, కంటిలో మెరుపు కూడా కనిపిస్తుంది. నేర్చుకునే పిల్లకు ఇంత దగ్గరతనం చాలు.

అందుకే మా సలహా, సెకండ్‌హ్యాండ్‌లో కెనాన్ 200డీ లాంటి బాడీ (లెన్సు లేని కెమెరా), దానికి 55-250 ఎస్‌టీఎం లెన్సు. లేదా నికాన్ డీ5600, దానికి 70-300 ఏఎఫ్-పీ లెన్సు. మంచి స్థితిలో ఉన్న జోడీ లక్షన్నరలో మూడో వంతులోపే దొరుకుతుంది. ఇక్కడ రెండు పొరపాట్లు తరచూ జరుగుతాయి. ఆ నికాన్ 70-300 లెన్సు వీఆర్ ఉన్నదీ లేనిదీ రెండు రకాలుగా వచ్చింది. పేరులో వీఆర్ అన్న అక్షరాలు ఉన్నదే తీసుకోండి, లేకపోతే చెయ్యి వణుకు అంతా ఫోటోలోకి వస్తుంది. రెండోది, డీ3000, డీ5000 వరుస నికాన్ బాడీల్లో ఫోకస్ మోటారు ఉండదు. పాత ఏఎఫ్-డీ లెన్సు చవకగా వచ్చిందని కొంటే ప్రతిసారీ చేత్తో తిప్పుకోవాల్సిందే.

నికాన్ పీ900, పీ950 లాంటి ఒకే ముక్క కెమెరాలూ ఉన్నాయి. 2000 ఎంఎంకు సమానమైన జూమ్ కాబట్టి చెరువు అవతలి గట్టున ఉన్న కొంగ కూడా నిండుగా కనిపిస్తుంది. పిట్టల్ని గుర్తుపట్టడానికి వీటికి సాటి లేదు. కానీ లోపల వెలుగును పట్టే సెన్సర్ చాలా చిన్నది కావడంతో పొద్దున్నే మసక వెలుగులో ఫోటో మీద ఇసక చల్లినట్టు గరగర వస్తుంది, ఎగిరే పిట్టను ఫోకస్ అందుకోలేదు. మీ అమ్మాయి పిట్టల జాబితా రాసుకునే పిల్ల అయితే ఇది సరిపోతుంది. ఫోటో మీదే ప్రాణం అయితే మార్చుకునే లెన్సుల కెమెరాయే మేలు. ఇక ఆ 600 ఎంఎం సంగతి. సిగ్మా, టామ్రాన్ 150-600 లెన్సులు రెండు కిలోల దాకా బరువు, బాడీతో కలిపితే ఇంకా పైన. పదిహేనేళ్ల పిల్ల చేతుల్లో పావుగంటకే వణుకు మొదలవుతుంది. రెండేళ్లు ఆగనివ్వండి.

పాత కెమెరా కొనేటప్పుడు అమ్మే మనిషి ముందే పరీక్షించండి. లెన్సు వెనక నుంచి టార్చి వేసి ముందు వైపు నుంచి చూడండి. సాలెగూడు లాంటి తెల్లటి పోగులు కనిపిస్తే అది బూజు. వద్దని చెప్పి వచ్చేయండి, తుడిపిద్దాం అనుకోవద్దు. తరవాత ఎపర్చర్, అంటే లెన్సులోకి వెలుగు వచ్చే రంధ్రం, ఎఫ్16 పెట్టి ఖాళీ ఆకాశాన్ని ఒక ఫోటో తీస్తే సెన్సర్ మీది దుమ్ము నల్ల చుక్కలుగా బయటపడుతుంది. దుమ్ము శుభ్రం చేయించుకోవచ్చు, గీతలైతే బాగుకావు. షట్టర్ ఎన్నిసార్లు పడిందో, అంటే ఇప్పటికి ఎన్ని ఫోటోలు తీశారో అడగండి. నికాన్‌లో ఆ లెక్క ఫోటో ఫైలులోనే ఉంటుంది. కెనాన్‌లో చాలా మోడళ్లకు విడిగా సాఫ్ట్‌వేర్‌తోనే తెలుస్తుంది. బ్యాటరీ ఉబ్బి ఉందేమో, గదిలోంచి తేలిగ్గా వస్తోందో లేదో చూడండి. బిల్లు మీది సీరియల్ నంబరు, కెమెరా అడుగున ఉన్న నంబరు ఒకటే కావాలి. అవి కలవకపోతే ధర ఎంత తక్కువైనా ఆ బేరం వదిలేయండి.

డబ్బు మిగిలితే ఇంకో లెన్సుకు పెట్టకండి, 8×42 బైనాక్యులర్ కొనండి. పిట్టను ముందు కళ్లతో చూడటం అలవాటైన పిల్లకు ఎప్పుడు బటన్ నొక్కాలో తెలుస్తుంది. ట్రైపాడ్ కూడా ఇప్పుడే వద్దు. పాత జీన్స్ ప్యాంటు కాలు అడుగున్నర కత్తిరించి ఒక చివర కుట్టి, రెండు కిలోల సజ్జలు పోసి, రెండో చివరా కుట్టేయండి. గట్టు మీదో కారు కిటికీ మీదో పెట్టి దాని మీద లెన్సు ఆనిస్తే కదలదు. నిండా కుక్కకండి, లెన్సు అందులో కూరుకునేంత వదులు ఉండాలి. తడిస్తే గింజలు మొలకెత్తుతాయి, వానాకాలంలో విప్పి ఎండబెట్టాలి.

ఇప్పుడు ఎక్కడికి అన్న మాట. చిరుత కోరికకు సూటిగా చెబుతున్నాం, వద్దు. శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కును 1989లో ప్రకటించారు. అందులోకి అనుమతి లేకుండా అడుగుపెట్టడమే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఫోటోలు తీయడానికి అటవీశాఖ నుంచి విడిగా అనుమతి తీసుకోవాలి. పైగా అది ఎర్రచందనం అడవి. తెల్లవారుజామున సంచులు తగిలించుకుని అడవి దారి పట్టిన వాళ్లను ఎర్రచందనం దొంగల కోసం కాపు కాసే టాస్క్‌ఫోర్స్ ఆపకుండా వదలదు, వదలకూడదు కూడా. అలిపిరి నడకదారిలో 2023లో చిరుత దాడికి ఒక చిన్నపాప బలైన సంగతి మీకు తెలియనిది కాదు. చీకటి వేళ, మసక వేళ ఆ దారి పక్క పొదల్లోకి కెమెరాతో దిగే ఆలోచన పిల్లకు రాకూడదు. దారిలో దుప్పులకు తినడానికి ఏదైనా పెట్టి దగ్గరికి రప్పించి ఫోటో తీయడం కూడా వద్దు. తిండికి దుప్పులు అలవాటుపడితే వాటి కోసం చిరుత దారి దగ్గరికి వస్తుంది.

పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అభయారణ్యం ఏనుగులకూ ఇదే మాట. పొలాల్లోకి వచ్చిన ఏనుగును ఫోటో తీయబోవద్దు. తరుముతున్న రైతుల మధ్య అది అప్పటికే బెదిరి ఉంటుంది. లెన్సులోంచి చూసేవారికి దూరం ఎంతో సరిగా తెలియదు కూడా.

మరి ఎక్కడికి? మొదటి ఆరు నెలలూ రాయలచెరువు లాంటి చోటో, ఇంకా దగ్గర్లో మీ కంటబడిన చిన్న చెరువో చాలు. ఈశాన్య రుతుపవనాల వానలకు చెరువులు నిండుతాయి, ఆ తరవాత జనవరి నుంచి నీళ్లు తగ్గుతూ అంచున బురద బయటపడుతుంది. ఉల్లంకి పిట్టలు, కొంగలు, వలస పక్షులు ఆ బురద మీదే మేస్తాయి. ఆ రెండు మూడు నెలలే అసలు పండగ. పొద్దున తూర్పు గట్టున కూర్చుని పడమటికి చూడాలి. సూర్యుడు వీపు వెనక ఉంటాడు, వెలుగు పిట్ట మీద పడుతుంది. జనవరిలో సూర్యోదయం ఆరున్నర దాటాకే, మే నెలలో ఆరు లోపే. వెలుగు వచ్చేసరికి అక్కడ కూర్చుని ఉండాలి, వెలుగు వచ్చాక నడుచుకుంటూ వెళ్తే అన్నీ లేచిపోతాయి.

ఎండాకాలం మన తిరుపతిలో ఒక సమస్య ఉంది. తొమ్మిది దాటాక నీటి మీదుగా, తారు రోడ్డు మీదుగా దూరపు పిట్టను తీస్తే ప్రతి ఫోటో అలికినట్టు వస్తుంది. పిల్లలు లెన్సు చెడిపోయిందని బెంగపడతారు. లెన్సు తప్పు కాదు, నేల నుంచి లేచే వేడిగాలి వెలుగును వంచుతుంది, ఏ ఖరీదైన లెన్సూ దాన్ని సరిచేయలేదు. దగ్గరి పిట్టలను తీసుకోవడమో ఇంటికి వచ్చేయడమో అంతే. ఏసీ కారు కిటికీ దించి వెంటనే తీసినా ఇదే జరుగుతుంది. పది నిమిషాల ముందే ఏసీ ఆపేయండి.

చెరువు మీద చెయ్యి కుదిరాక నేలపట్టు తీసుకెళ్లండి. 1976లో ప్రకటించిన పక్షుల కేంద్రం అది, ఇప్పుడు తిరుపతి జిల్లాలోనే ఉంది. నాయుడుపేట మీదుగా వెళ్లి పొద్దున వెలుగుకే అందుకునేలా బయలుదేరండి. అక్టోబరు నుంచి మార్చి వరకు గూడబాతులు నీళ్లలోని చెట్ల మీద గూళ్లు కడతాయి. వాటితో పాటు తెల్ల కంకణాలు, నీటికాకులు, నత్తలు తినే ఓపెన్‌బిల్ కొంగలు. చెట్టు నిండా పక్షులు కనిపించగానే అన్నీ ఒకే ఫోటోలో ఇరికించాలనిపిస్తుంది, అలా తీసినవి ఇంట్లో చూస్తే గందరగోళంగా ఉంటాయి. ఒక గూడును ఎంచుకుని, తల్లి పుల్ల తెచ్చేదాకా, పిల్లకు మేత పెట్టేదాకా ఆగమనండి. అక్కడి నుంచి పులికాట్ దగ్గరే. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డుకు రెండు వైపులా చలికాలంలో ఫ్లెమింగోలు కనిపిస్తాయి. అది రాకపోకలున్న రోడ్డు, బండి పూర్తిగా పక్కకు తీసి ఆపాలి. రాకెట్ కేంద్రం షార్ గేటు వైపు కెమెరా తిప్పొద్దు.

జంతువుల కోసం మారాం చేస్తే తిరుపతి జూ పార్కు ఉంది. 1987లో మొదలైంది, దేశంలోని పెద్ద జూలలో ఒకటి. జాలీ అడ్డం వస్తే లెన్సును జాలీకి వీలైనంత దగ్గరగా పెట్టి, ఎపర్చర్ పూర్తిగా తెరిచి, జంతువు జాలీకి దూరంగా ఉన్నప్పుడు తీస్తే కమ్మీలు మాయమవుతాయి. కానీ ఆ ఫోటో ఎక్కడ పెట్టినా జూలో తీసింది అని రాయాలి. ఇది మొదటి రోజు నుంచే నేర్పండి.

సెట్టింగులు అమ్మాయే నేర్చుకుంటుంది గానీ, ఎక్కడ చెడుతోందో మీకు తెలిస్తే ఓదార్చగలరు. ఫోటో కదిలినట్టు ఉంటే షట్టర్ వేగం చాలలేదు. కూర్చున్న పిట్టకు 1/500 సెకను, ఎగిరేదానికి 1/2000 సెకను కావాలి. లెన్సులోని స్థిరీకరణ చెయ్యి వణుకును ఆపుతుంది గానీ పిట్ట కదలికను ఆపదు. మసక వెలుగులో ఫోటోను వెలిగించే ఐఎస్ఓ అంకెను ఆటోలో పెట్టి పైహద్దు 3200 ఇవ్వమనండి. కాస్త గరగర ఉన్న ఫోటోను బాగుచేయవచ్చు, కదిలినదాన్ని చేయలేం. పిట్ట మసకగా, వెనక కొమ్మ స్పష్టంగా వస్తే ఫోకస్ పాయింట్లన్నీ తెరిచి ఉన్నాయని అర్థం. మధ్య పాయింటు ఒక్కటే ఉంచి కంటి మీద పెట్టాలి. నల్లటి నీటి ముందు తెల్లకొంగ సున్నం ముద్దలా వస్తోందంటే, కెమెరా నీటి చీకటిని చూసి వెలుగు పెంచేసింది. వెలుగును మనం హెచ్చుతగ్గులు చేసే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను ఒక స్టాపు, అంటే ఒక అంకె, తగ్గించాలి. ఆకాశం ముందు పసులపోలిగాడు నల్ల బొమ్మలా వస్తే తిరగేసి ఒకటి నుంచి ఒకటిన్నర పెంచాలి. ఫోటోలు రా ఫైలులో, అంటే కెమెరా ఇంకా మార్పులు చేయని ముడి రూపంలో, తీస్తే ఇలాంటి తప్పులు కొంత సరిదిద్దుకోవచ్చు. పోటీలకు పంపినప్పుడు అసలు ఫైలు అడుగుతారు కూడా.

లెన్సును బట్టల బీరువాలో, తోలు సంచిలో దాచొద్దు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మన వాన తేమకు బూజు పట్టేది అక్కడే. రబ్బరు అంచు మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్, వీలైతే చిన్న తేమ కొలిచే మీటరు. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే చాలు. నీలం గింజలు గులాబీ రంగుకు తిరిగితే తేమ పీల్చుకున్నట్టు. వేడి చేసి ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు, వంట గిన్నెలో మాత్రం వేయించకండి. ఏసీ గదిలోంచి తీసిన కెమెరాను అరగంట సంచిలోనే ఉంచి బయట తెరవాలి, లేకపోతే అద్దం మీద ఆవిరి పడుతుంది.

ఇంతకంటే ముఖ్యమైన విషయం ఒకటి. గూళ్లు. పక్షుల గూళ్లను, గుడ్లను కదిలించడం కూడా చట్టం దృష్టిలో వేటే. తీతువు నేల మీద రాళ్ల మధ్యే గుడ్లు పెడుతుంది. మనం అక్కడ నిలబడితే తల్లి లేచిపోతుంది, మండుటెండలో గుడ్లు ఉడికిపోతాయి, లేదా కాకి చూస్తుంది. తల పైకెత్తి మేత ఆపిందంటే పిట్ట మనల్ని చూసింది. అక్కడే ఆగాలి. అరుస్తూ మన చుట్టూ తిరిగితే దగ్గర్లో గూడు ఉన్నట్టే, వచ్చిన దారినే వెనక్కి వెళ్లిపోవాలి. గూటికి అడ్డం వచ్చిన కొమ్మ విరవడం, ఫోనులో పిట్ట కూత వినిపించి దగ్గరికి రప్పించడం రెండూ వద్దు. తన చోటులోకి ఇంకో మగపిట్ట వచ్చిందనుకుని అది మేత, పిల్లలు వదిలేసి పరుగెత్తుకొస్తుంది. దేవాంగపిల్లి లాంటి రాత్రి జీవుల కళ్లలోకి ఫ్లాష్ కొట్టకూడదు. ఫోటోలు పంచుకునేటప్పుడు ఫోనులో లొకేషన్ ఆపేయాలి, గూడు ఉన్న ఊరి పేరు రాయకూడదు.

ఆ వాట్సాప్ గ్రూపు వాళ్లతో ఒంటరిగా పంపకండి. మీరో మీవారో వెంట వెళ్లండి, రానివ్వకపోతే అదే జవాబు. అడవిలోకి తీసుకెళ్తామనే వాళ్లను అటవీశాఖ అనుమతి కాగితం చూపించమని అడగండి. గట్ల మీద గడ్డిలో కూర్చునే పని కాబట్టి చీలమండ దాటే బూట్లు, మందపాటి ప్యాంటు ఉండాలి. రక్తపింజరి, కట్లపాము రెండూ మన పొలాల్లో ఉన్నాయి. కాటు పడితే కట్టు బిగించవద్దు, కోయవద్దు, కాలు కదపకుండా 108కు ఫోను చేసి పెద్దాసుపత్రికి వెళ్లాలి. నీళ్లలోకి దిగకూడదు, ఎండుతున్న చెరువు బురద మోకాళ్ల దాకా లాగేస్తుంది.

చదువు మాట. పరీక్షలయ్యాక చూద్దామన్న మీవారి భయం న్యాయమే, కానీ మార్చి దాటితే వలస పక్షులు ఉండవు. ఆదివారం ఆరు నుంచి ఎనిమిదిన్నర వరకు వెళ్లి తొమ్మిదికి ఇంట్లో ఉంటే చదువుకు లోటు రాదు. సమయం తినేది ఫోటోలు తీయడం కాదు, తరవాత వాటిని ఏరడం. బటన్ నొక్కి పట్టుకుంటే నిమిషాల్లో వందల ఫోటోలు, వాటిముందు కూర్చుంటే సాయంత్రమైపోతుంది. అందుకని ఒక ఒప్పందం పెట్టుకోండి. ఆ రోజే ముప్పావుగంటలో పది ఏరి, మిగతావి తీసేయాలి. ఆ పదీ రెండు చోట్ల దాచాలి. పరీక్షలకు ముందు ఆరు వారాలు కెమెరా డబ్బాలోనే, ఆదివారం పొద్దున బైనాక్యులర్‌తో మేడ మీద అరగంట. మార్కులు తగ్గితే కెమెరా లాక్కుంటామన్న బెదిరింపు మాత్రం వద్దు. అలా చేస్తే చదువు పిట్టలకు శత్రువై కూర్చుంటుంది.

ఫోటోలే బతుకుతెరువు అవుతాయని ఇప్పుడే లెక్క వేయకండి. కేవలం వాటితో బతికేవాళ్లు చాలా తక్కువ. కానీ ఈ ఆసక్తికి దారులు మన జిల్లాలోనే ఉన్నాయి. జీవశాస్త్రానికి కేంద్ర విజ్ఞాన విద్యా సంస్థ ఐసర్ ఉంది, పశువైద్యానికి శ్రీవేంకటేశ్వర వెటర్నరీ విశ్వవిద్యాలయం. డిగ్రీ తరవాత వన్యప్రాణి శాస్త్రం చదవాలంటే డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థ. ఇప్పటికి చూసిన పిట్టలను పక్షుల లెక్క రాసుకునే ఈబర్డ్ వెబ్‌సైటులో నమోదు చేయడం మొదలుపెట్టమనండి. ప్రతి ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతా కలిసి చేసే పక్షుల లెక్కింపులో తన చెరువు లెక్క కూడా పంపవచ్చు. పోటీలకు డబ్బు కట్టమంటే ఆగి ఆలోచించండి. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం పోటీలో 17 ఏళ్లు, అంతకు తక్కువ వయసు పిల్లల విభాగానికి రుసుమే లేదు.

ఇక మీ అత్తగారు. అమ్మాయి తీసిన వాటిలో మంచివి ఐదు పెద్ద సైజులో ప్రింటు వేయించి ఆవిడ చేతికి ఇవ్వండి. వాళ్ల ఊళ్లో ఈ పిట్టను ఏమనేవారో, ఏ నెలలో కనిపించేదో, బావి మీది ఈతచెట్టుకు గిజిగాడి గూళ్లు ఎన్ని వేలాడేవో ఆవిడను అడిగి రాసుకోమని పిల్లకు చెప్పండి. తేదీ, వేళ, చెరువు పేరు రాసే నోటుబుక్కులోనే ఆ పేర్లకు ఒక గడి పెట్టుకోమనండి. చిత్తూరు పల్లెల పిట్టల పేర్లు పుస్తకాల్లో దొరికే వాటికంటే పెద్దవాళ్ల నోట్లోనే ఎక్కువ ఉన్నాయి.